నీళ్లగవిలో తెల్లతాడు

ప్రొద్దుటూరు ఇనాయతుల్లా మెచ్చుకున్న మనిషి ఇంకా పుట్టలేదని అన్నది పరాయివాళ్లు కాదు, ఆయన భార్య జానీబీ. పెళ్లయిన నాటినుంచి తను వండిన అన్నానికి ఆయన పెట్టిన పేర్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. "మెత్తగుంటే గోడకు పూసే సున్నమంటాడు. పలుకుగుంటే కోళ్లకేసే నూకలంటాడు. తినేది మాత్రం రెండూ తింటాడు" అని ఇరుగుపొరుగు ఆడవాళ్లతో చెప్పి నవ్వుతుంది. ఆయన ఆ నవ్వును కూడా లక్ష్యపెట్టడు.

తండ్రి రేకుపెట్టెలు చేసేవాడు. పొద్దస్తమానం ఆ సుత్తి చప్పుడు భరించలేక మీసం సరిగ్గా రాకముందే ఇనాయతుల్లా గల్ఫుకు పోయాడు. అక్కడ ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకే పని దొరికింది. వీపుకు సిలిండరు కట్టుకుని, ఓడ కింద వెల్లకిలా వేలాడుతూ, పగలంతా గీకడమే. ఆ పనిలోనే ఒక ఫిలిప్పీన్స్ మేస్త్రీ దగ్గర, మునిగిపోయిన ఓడల గదుల్లోకీ నీళ్లు నిండిన గుహల్లోకీ తాడు పట్టుకుని పోయిరావడం నేర్చుకున్నాడు. ఆ మేస్త్రీని కూడా మెచ్చుకోలేదు. వాడు చేపలు పచ్చివి తింటాడని తీసిపారేశాడు.

గల్ఫు వదిలి ఇంటికి వచ్చాక ఈ నేల మీద ఆయన కంటికి ఏదీ ఆనలేదు. జమ్మలమడుగు బిర్యానీ పసుపన్నం. పులివెందుల టీ కాళ్లు కడుక్కునే నీళ్లు. గండికోటకు వచ్చే జనం, అంత లోయ ఎదురుగా పెట్టుకుని తమ మొహాలు తామే ఫోనులో చూసుకునే గుడ్డివాళ్లు. పోనీ ఈ మాటల్లో అబద్ధం ఉందా అంటే, చాలావరకు లేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. తిట్టేవాడికి నిజం తోడైతే ఇక వాడి నోటికి తాళం వేసేవాళ్లు ఉండరు.

జమ్మలమడుగు అవతల ఒక పాత నాపరాతి క్వారీ ఉంది. బండలు తీస్తూ తీస్తూ ఉంటే అడుగున ఒక గవి, అంటే గుహ, బయటపడింది. గండికోట రిజర్వాయరు నిండిన తర్వాత నీళ్లు ఊరి ఊరి, క్వారీ సగం దాకా నిండింది, గవి నిలువునా మునిగింది. జనం దాన్ని నీళ్లగవి అన్నారు. ఊరుకుంటే బాగుండేది. ఎవడో దాని వీడియో పెట్టాడు. ఆ తర్వాత బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ సిలిండర్లు మోసుకుంటూ సాహసవీరులు దిగడం మొదలైంది.

గవి లోపల కటిక చీకటి. కాళ్లకు తొడుక్కున్న రబ్బరు రెక్క అడుగుకు తగిలితే చాలు, ఒండ్రు లేస్తుంది. చేతిలో లైటు ఉన్నా చేయి కనపడదు. అందుకే లోపలికి పోయేవాళ్లు బయట ఒక చోట సన్నటి నైలాన్ తాడు కట్టి, దాన్ని వదులుకుంటూ, అక్కడక్కడ బండలకు ముడి వేసుకుంటూ పోతారు. మళ్లీ దాన్నే పట్టుకుని బయటికి వస్తారు. ఆ తాడు చేజారితే దారి పోయినట్టే. ఈ సంగతి తెలిసిన వీరులు ఒక్కొక్కరూ ఒక్కో తాడు వేశారు. ముందువాడి తాడును నమ్మినవాడు లేడు, తన తాడును తీసుకుపోయినవాడూ లేడు. పెళ్లిభోజనం చేసి విస్తరి అక్కడే వదిలేసినట్టు వదిలేసి పోయారు. ఎర్రది, పచ్చది, నీలిది, ఒకచోట బట్టలారేసే తాడు కూడా. అన్నీ తెగి, వేలాడి, పెనవేసుకుని గవి మొత్తం బూజు పట్టినట్టయింది. ఈ ఏడు ఒకడు వాటిలో చిక్కుకుని చావు తప్పి కన్ను లొట్టపోయి బయటపడ్డాడు.

అప్పుడు పులివెందుల శివప్రసాద్‌కు గవి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. గండికోట దగ్గర గుడారాలు వేసి అద్దెకిచ్చే మనిషి. గవిని శుభ్రం చేయిస్తే గుడారాలకు జనం పెరుగుతారని ఆయన లెక్క. ప్రొద్దుటూరు కాంట్రాక్టరు రఘునాథ్ ఖర్చు పెట్టుకుంటానన్నాడు, తన ఫొటో పెద్దదిగా పడితే చాలునన్నాడు. పని చేసే మనిషి మాత్రం ఇనాయతుల్లా. ఆయన తప్ప ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు, ఆ సంగతి ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

కాదు, ఇంకొకడు ఉన్నాడు. రంగన్న.

రంగన్నది గొర్రెలు మేపుకునే కుటుంబం. ఊరు రిజర్వాయరులో మునిగితే కొండాపురం దగ్గర కాలనీలో ఇల్లిచ్చారు. మందలో సగం అమ్ముకున్నాక, బావుల్లో పడిన మోటార్లూ బిందెలూ ఊపిరి బిగబట్టి మునిగి తీయడం పనిగా పెట్టుకున్నాడు. అప్పుడప్పుడూ మనుషుల్నీ తీశాడు. ఇనాయతుల్లా అతనికి సిలిండరు కట్టడం నేర్పాడు, నేర్పినంతసేపూ తిట్టాడు. బావికప్ప అని పేరు పెట్టాడు.

"బావిలో బెదురు పుడితే పైకి పోతావు, ఆడ గాలి ఉండాది. గవిలో పైకి పోతే బండ ఉండాది. నీ తలకాయలోనుంచి బావి పోలేదప్పా. యాదో ఒకనాడు పైకి పోయి, తల కొట్టుకోని చస్తావు చూడు" అనేవాడు, టీకొట్ల దగ్గర పదిమందిలో.

"సరే మామా" అనేవాడు రంగన్న. అంతకు మించి ఒక్క మాట అనగా ఎవరూ వినలేదు.

నిజానికి ఈ పనికి ముందు ఇద్దరూ కలిసి గవిలో ఒక కొత్త తాడు వేశారు. తెల్లది, గట్టిది. గవి మూతి నుంచి లోపలి పెద్ద గది దాకా బండ బండకూ ముడి వేశారు. ఆ తెల్లతాడు ఉండిపోవాలి. మిగిలిన రంగు తాళ్లన్నీ లోపలి నుంచే కోసి, చుట్టి, సంచుల్లో నింపి తేవాలి. ఇంతే పని. పసిపిల్లవాడికి చెప్పినా అర్థమవుతుంది.

అనుకున్న రోజున ఇనాయతుల్లా వచ్చేసరికి క్వారీ గట్టున షామియానా లేచింది. మైకు, తప్పెట్లు, బంతిపూల దండలు. బ్యానరు మీద రఘునాథ్ తల క్వారీ అంత ఉంది, గవి ఫొటో మాత్రం మూలన గోరంత. నీళ్ల అంచున పాతిన ఇనుపకడ్డీకి తాళ్ల కొసలన్నీ కట్టి ఉన్నాయి. పాతవాటికి పాచి పట్టి జారుతున్నాయి, తెల్లది ఒక్కటే శుభ్రంగా ఉంది. రంగన్న అప్పటికే నీళ్లలో దిగి, గవి మూతి దగ్గర సంచులు వేలాడదీస్తున్నాడు.

శివప్రసాద్ పరుగున వచ్చాడు.

"ఇనాయతు మామా, సారు చేత ఒక పాతతాడు లాగిచ్చి ప్రారంభం చేపిద్దామనుకుంటాండాం. ఏది లాగల్ల?"

ఇనాయతుల్లా ఆయన్ను కింది నుంచి పైదాకా చూశాడు. తాడు లాగి ప్రారంభం. గేదె ఈనడానికి కూడా వీళ్లు రిబ్బను కత్తిరిస్తారు.

"ఏదైనా లాగు. నీకన్నీ ఒకటే గదా."

"అట్ల గాదు మామా, లోపల మీరుంటారు. ఏది ఏందో ఒక మాట చెప్తే…"

"చెవిటోని ముందర శంఖం ఊదేదానికి నాకు తీరిక లేదప్పా" అని, అద్దానికి ఆవిరి పట్టకుండా మాస్కులో ఉమ్మి, కడిగి, మొహానికి తగిలించుకుని నీళ్లలోకి దిగిపోయాడు. శివప్రసాద్ కాసేపు అక్కడే నిలబడి, మైకు పిలిస్తే వెళ్లిపోయాడు.

లోపల పని సాఫీగానే సాగింది. రంగన్న పెద్ద గది దాకా పోయి అక్కడి నుంచి కోసుకుంటూ వస్తున్నాడు. ఇనాయతుల్లా గవి మూతికి దగ్గరలో, తెల్లతాడు మోచేతికి తగులుతూ ఉండేలా పెట్టుకుని, కోస్తున్నాడు. ముడి చూస్తే మనిషి తెలుస్తాడు ఆయనకు. ఎర్రతాడు వాడు బూటులేసు ముడి వేశాడు. నీలితాడు వాడు వేల ఏళ్లుగా పేరుకున్న సున్నపురాతి కొమ్మకు కట్టి, దాన్ని విరగ్గొట్టి, విరిగినదాన్ని కిందే వదిలిపోయాడు. పచ్చతాడు వాడు బయటికి దారి చూపే బాణం గుర్తును లోపలికి తిప్పి తగిలించాడు. ఆ బాణాన్ని నమ్మినవాడు నేరుగా చావులోకే పోతాడు. దాని మీద సొంత పేరూ ఫోను నంబరూ అచ్చు వేయించుకున్నాడు, నలుగురికి నేర్పే గురువట. ఒక్కొక్క తాడునూ కోస్తూ, ఒక్కొక్కడినీ మనసులో పేరుపేరునా తిట్టుకుంటూ, ఇనాయతుల్లా ఆ చీకట్లో హాయిగా ఉన్నాడు. ఇంత హాయి ఆయనకు ఇంటి దగ్గర ఉండదు.

అప్పుడు తెల్లతాడు గుంజింది.

బావికప్ప బెదిరినాడు, అనుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే, తాడు పట్టుకుని గుంజుతున్నాడు, ఇంక పైకి పోతాడు. తాడు మళ్లీ గుంజింది. ఈసారి ఆయన చేతికి తెలిసింది, అది లోపలికి పోవడం లేదు. బయటికి పోతోంది. గట్టిగా పట్టుకున్నాడు. బయట ఆ వైపున ఎంతమంది ఉన్నారో గాని, తాడు ఆయన పిడికిలిని కోసుకుంటూ జారిపోయింది. ముడి వేసిన బండ దగ్గర టప్పున ఒక విసురు, దాని వెనకే ఇంకొకటి. గవి అడుగున తాడు ఈడ్చుకుపోతూ ఒండ్రునంతా లేపింది. లైటు ముందర మురికి టీ రంగు తప్ప ఇంకేమీ లేదు.

ఆయన మూతికి దగ్గరలో ఉన్నాడు గనక, చేత్తో గోడ తడుముకుంటూ, వెలుతురు ఆనవాలు పట్టుకుని బయటపడ్డాడు. తల పైకెత్తి చూశాడు.

ఒడ్డున తప్పెట్లు మోగుతున్నాయి. రఘునాథ్ తెల్ల ఖద్దరు చొక్కాతో, తెల్ల బూట్లతో ముందు నిలబడి ఉన్నాడు. ఆయన వెనక షామియానా వేసినవాళ్లు, ఇడ్లీలు వడ్డించినవాళ్లు, చూడవచ్చినవాళ్లు, అందరూ వరసగా, బావిలోంచి బొక్కెన చేదినట్టు చేతిమీద చెయ్యి వేసి లాగుతున్నారు. కాళ్ల దగ్గర తెల్లతాడు చుట్టలు చుట్టలుగా పడి ఉంది. దానికి బంతిపూల దండ చుట్టారు. పాచి పట్టిన తాడు ముట్టుకుంటే చొక్కా పాడవుతుందని సారు శుభ్రమైనది చూపించమన్నాడట. అన్నిటికంటే శుభ్రమైనది అదే. తాడు కొస, పదునైన బండ అంచుకు తెగి, పీచుపీచుగా బయటికి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇనాయతుల్లా దగ్గర తిట్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. రంగన్న గవి చివర, ఆ ఒండ్రులో, చేతిలో దారి లేకుండా ఉన్నాడు. సిలిండరులో గాలి ఎంత ఉంటే అంతే బతుకు.

నడుముకున్న తాడు చుట్టిన రీలు తీసి, దాని తాడు కొస ఇనుపకడ్డీకి కట్టాడు. శివప్రసాద్‌ను దగ్గరికి పిలిచాడు.

"ఇను. ఈ తాడు మాకు దారి. రంగన్న లోపలుండాడు. ఇది పోతే ఇద్దరం పోతాం. ఎవురినీ ముట్టుకోనీగాకు. నువ్వు ఈడనే నిలబడు."

చెప్పడానికి ఒక్క ఊపిరి కూడా పూర్తిగా పట్టలేదు. శివప్రసాద్ రెండు చేతులూ చాపి కడ్డీకి అడ్డంగా నిలబడ్డాడు.

"పొద్దున అడిగితే ఏదైనా లాగమంటివి గదా మామా" అన్నాడు, ఏడుపు గొంతుతో.

ఇనాయతుల్లా గాలిగొట్టం పళ్ల మధ్య పెట్టుకుని మునిగాడు.

లోపల కళ్లుండీ లేనట్టే. రీలు వదులుకుంటూ, ఒక చేత్తో గోడ తడుముతూ పోయాడు. పెద్ద గది వచ్చిందని నీళ్ల చల్లదనం చెప్పింది. అక్కడ ఆయన నేరుగా పైకి పోయాడు. రంగన్న పైనే ఉంటాడు, ఆయనకు అనుమానమే లేదు. ఇన్నేళ్లుగా పదిమందిలో చెప్పిన మాట. పైకప్పు బండ వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు. కాలు తగులుతుందేమో, సిలిండరు తగులుతుందేమో అని. బండ, బండ, మళ్లీ బండ. రెండోసారి వెతికాడు. మీటరు మాస్కుకు ఆనించి చూస్తే తన గాలి ముల్లు దిగుతోంది. రంగన్నది ఇంకా కిందికి దిగి ఉంటుంది. భయం అంటే ఏమిటో గల్ఫులో ఓడ కింద కూడా ఎరగని మనిషికి, ఆ పైకప్పు కింద అది తెలిసింది.

అప్పుడు వినిపించింది. టంగ్, టంగ్. ఆగి, మళ్లీ టంగ్, టంగ్. రాయితో సిలిండరు మీద కొడుతున్నారు. నీళ్లలో చప్పుడు ఏ దిక్కునుంచి వస్తుందో తెలియదు. కానీ పైన లేడని ఇప్పటికి తెలిసిపోయింది. ఇనాయతుల్లా కిందికి దిగాడు, అడుగున పాకుతూ పోయాడు. చేతికి తాడుముక్క తగిలింది. తెల్లతాడే, లోపలి చివరి ముడి దగ్గర మిగిలిన తునక. దాన్ని పట్టుకుని పోతే ఒక చెయ్యి తగిలింది.

రంగన్న అడుగున కూర్చుని ఉన్నాడు. ఒక చేత్తో ఆ తునకను పట్టుకుని, ఇంకో చేత్తో రాయి పట్టుకుని. ఊపిరి నిదానంగా తీసుకుంటున్నాడు. చేయి తగలగానే రాయి వదిలేశాడు. ఇనాయతుల్లా తన రెండో గాలిగొట్టం అతని నోటికి అందించాడు, ఎందుకంటే అతని ముల్లు అప్పటికే అడుగుకు చేరింది. ఇద్దరూ ఒకే సిలిండరు గాలి పీలుస్తూ, రీలు తాడు పట్టుకుని, మూతి దాకా వచ్చారు. తాడు ఎక్కడా కదల్లేదు. బయట శివప్రసాద్ అట్లాగే చేతులు చాపుకుని నిలబడి ఉన్నాడు.

ఒడ్డుకు చేరగానే మైకు అందుకుంది. గవి శుద్ధి కోసం ప్రాణాలకు తెగించిన సాహసవీరుడని చెప్పి, రఘునాథ్ స్వయంగా వచ్చి, వణుకుతున్న రంగన్నకు శాలువా కప్పాడు. జరీ అంచు శాలువా. ఏం జరిగిందో ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆయన చొక్కా మాత్రం ఎక్కడా మాయలేదు. ఫొటోలు తీసేవాడు కెమెరా సర్దుకుంటున్నాడు.

రంగన్న బండ మీద కూలబడి, నీళ్లకేసి చూశాడు.

"తెల్లది ఎట్ల పాయ మామా? ముళ్లు గట్టిగనే ఏసింటిమి గదా."

"బయటినుంచి లాగినారు. ఈ నా కొడుకులు." ఇనాయతుల్లాకు తిట్లు తిరిగొచ్చాయి. "చొక్కా మాస్తాదని తెల్లతాడు ఎంచుకున్నారంట. గడ్డి తినే మొహాలు. వీళ్లకు…"

"వాళ్లకేం ఎరుక మామా." రంగన్న గొంతు ఎప్పటిలాగే ఉంది. "అయినా ఏ తాడని ఒక మాట అడగల్లని తోచలేదా?"

శివప్రసాద్ పక్కనే ఉన్నాడు. తల దించుకున్నాడు తప్ప నోరు విప్పలేదు. ఇనాయతుల్లా అబద్ధం చెప్పినా ఆ మనిషి ఎదురు చెప్పేలా లేడు. ఇనాయతుల్లా అది చూశాడు. రంగన్న కళ్లు తన మీదే ఉండటం కూడా చూశాడు.

"అడిగినారు" అన్నాడు.

"నువ్వేం చెప్పినావు?"

"ఏదైనా లాగమన్నా."

రంగన్న జుట్టులోంచి కారుతున్న నీళ్లు తుడుచుకున్నాడు.

"నన్ను మొదలు యాడ ఎతికినావు?"

"పైన."

"నేను కింద ఉండా మామా. మందలో తప్పిన గొర్రె ఒకచోట నిలబడితే దొరుకుతాది, తిరిగితే నక్కలపాలు. మా నాయన చెప్పిన మాట అది. నీకు గూడ శానాసార్లు చెప్పినా. నువ్వు ఇనలేదు."

లేచాడు. భుజం మీది శాలువా తీసి, ఒక మడత పెట్టి, దులిపి, ఇనాయతుల్లా భుజాల చుట్టూ కప్పాడు. కొసలు రెండూ ముందుకు లాగి సరిచేశాడు.

"ఇది నీది మామా. వాళ్లు తెలీక లాగినారు. నువ్వు తెలిసి చెప్పలేదు."

చెప్పులు తొడుక్కుని, సిలిండరు అక్కడే వదిలేసి, కొండాపురం పోయే ఆటో కోసం రోడ్డు వైపు నడిచాడు. ఇనాయతుల్లా అతన్ని బావికప్ప అని పిలవబోయి, ఆ పేరు తప్ప ఇంకే పేరుతోనూ ఎన్నడూ పిలవలేదని గుర్తొచ్చి, ఆగిపోయాడు.

"ఇట్ల చూడండి సార్" అన్నాడు ఫొటోలవాడు. రఘునాథ్ నవ్వుతూ పక్కకొచ్చి నిలబడి, శాలువా మీదుగా ఇనాయతుల్లా భుజం మీద చెయ్యి వేశాడు. ఇనాయతుల్లా ఆ చెయ్యి తీసెయ్యలేదు.